ఏడు లైన్ల ఖాళీ

పది గంటల ఐదు నిమిషాలకు మాజీ ఎస్పీ తన రిపోర్టు తీసి ప్రిన్సిపాల్ బల్ల మీద పెట్టాడు. ముప్పై నాలుగు పేజీలు, నీలం అట్ట, అట్ట మీద ఆయన డిటెక్టివ్ ఏజెన్సీ ముద్ర. పెట్టిన తీరు చూస్తే, ఇక ఈ విషయంలో ఎవరూ నోరెత్తడానికేమీ మిగల్లేదన్నట్టుంది.

"మనిషి బతికే ఉన్నాడు" అన్నాడు. "విదేశంలో ఉన్నాడు. మంచి ఉద్యోగంలో ఉన్నాడు. ఇంటివాళ్లతో సంబంధం వద్దనుకున్నాడు. అది అతని హక్కు."

ఆయనకెదురుగా ఇద్దరు ఆడవాళ్లు కూర్చున్నారు. ఒకామె ఆ మనిషికి అక్క, ఆసుపత్రిలో నర్సు. రెండో ఆవిడ డిటెక్టివ్. పాతికేళ్ల కిందట ఇదే లా కాలేజీలో చివరి ఏడాది చదువుతూ, పరీక్ష పేపరు బయటికి పొక్కిన సంగతి గోడపత్రికలో రాసింది. క్షమాపణ చెప్పమంటే చెప్పనంది. పట్టా లేకుండానే గేటు దాటి వెళ్లిపోయింది. అప్పట్నుంచీ కోర్టు వరండాల్లో ఆవిడకి సగం వకీలు అన్న పేరు పడిపోయింది. వెక్కిరింతకి పెట్టిన ఆ పేరునే ఆవిడ తన ఆఫీసు బోర్డు మీద పెద్దక్షరాలతో రాయించుకుంది.

అక్క ఆవిడ దగ్గరికి వచ్చి నాలుగు రోజులయింది. ఆమె తమ్ముడు ఈ కాలేజీలోనే చదివాడు. ఏ మాటన్నా దానికింద ఆధారం చూపిస్తేగాని ఊరుకునేవాడు కాదని తోటివాళ్లు ఫుట్‌నోట్ అనేవాళ్లు. చివరికి తను రాసిన వ్యాసాల కింద అతనూ ఆ పేరే పెట్టుకోవడం మొదలుపెట్టాడు. కోర్టులో జూనియరుగా చేరిన ఏడాదికి, ఒక సోమవారం పొద్దున ఇంట్లోంచి వెళ్లినవాడు తిరిగి రాలేదు. పదకొండేళ్లయింది.

అక్క స్టేషనుకి వెళ్లిన ప్రతిసారీ ఒకటే జవాబు. కాలేజీ పత్రికలో వార్తలు పడుతున్న మనిషి కనబడకుండా పోవడమేమిటని. నిజంగానే పడుతున్నాయి. కాలేజీ ఏడాదికి మూడు సంచికలు వేస్తుంది. ముందు పేజీల్లో దేశం గురించీ చట్టం గురించీ కాలేజీవాళ్లు రాసిన వ్యాసాలు, మధ్యలో విజయాలు, చివరి పేజీలో పూర్వ విద్యార్థుల కబుర్లు. ఒకరు మేజిస్ట్రేటు అయ్యారు, ఒకరి వాదనని పై కోర్టు మెచ్చుకుంది, ఒకరికి కవలలు పుట్టారు. ఆ వరసలోనే ఏడాదికోసారైనా ఫుట్‌నోట్ కూడా కనిపిస్తాడు. పై చదువుకి వెళ్లాడు. ఒక సంస్థలో చేరాడు. హోదా పెరిగింది. ఏదో సదస్సులో మాట్లాడాడు. పెంచిన అక్కకి మాత్రం ఒక్క ఉత్తరం లేదు, ఒక్క ఫోను లేదు.

ఇప్పుడు కాలేజీకి యాభై ఏళ్లు నిండాయి. ప్రత్యేక సంచిక ఆ సాయంత్రం ఐదింటికి అచ్చుకి పోతుంది. అందులో 'మనం గర్వించే యాభైమంది' అని ఒక జాబితా ఉంది. ఇరవై మూడో పేరు ఫుట్‌నోట్‌ది. ఆ పేరు పడితే ఇక వాడి కోసం ఎవరూ వెతకరని అక్క అర్జీ పెట్టుకుంది. దాని మీద పూర్వ విద్యార్థుల సంఘం మాజీ ఎస్పీ చేత విచారణ చేయించింది. విచారణ ఫలితమే ఆ నీలం అట్ట.

సగం వకీలు దాన్ని ముట్టుకోలేదు. అతనితో మీరు స్వయంగా మాట్లాడారా అని మాత్రం అడిగింది. ఈ నెల మూడో తారీఖు, పదకొండింటికి, ఫోనులో పద్నాలుగు నిమిషాలు మాట్లాడానన్నాడాయన. 'అక్క బాగుండాలి, నన్ను వెతకొద్దని అక్కకి చెప్పండి' అన్నాడట. పంతొమ్మిదో పేజీలో ఉందట.

"వాడి మాటల్లోనే రాశారా?" అక్క మొదటిసారి నోరు విప్పింది.

"అక్షరం మార్చలేదమ్మా."

"వాడు నన్ను పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారి కూడా అక్కా అనలేదండీ. మా నాన్న నన్ను పెద్దమ్మాయ్ అనేవాడు. మాటలొచ్చినప్పట్నుంచీ వాడూ అంతే. కోపమొచ్చినా పెద్దమ్మాయే. బయటివాళ్లతో చెప్పినా మా పెద్దమ్మాయ్ అనే చెప్పేవాడు."

మాజీ ఎస్పీ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. పదకొండేళ్లలో మనుషులు మారతారన్నాడు.

"మారతారు సార్" అంది సగం వకీలు. "ఊరు మారుతుంది, ఉద్యోగం మారుతుంది. పెంచిన మనిషిని పిలిచే పిలుపు కూడా మారిందంటే, మాట్లాడిన మనిషే మారుంటాడు."

"మేడమ్, నేను ముప్పై ఏళ్లు పోలీసు ఉద్యోగం చేశాను. మీరు మూడేళ్ల చదువు పూర్తి చెయ్యలేకపోయారు."

"అందుకే సార్, నాకింకా ప్రశ్నలు మిగిలున్నాయి."

ప్రిన్సిపాల్ ఇద్దరి మధ్యా చెయ్యి అడ్డం పెట్టింది. మెత్తటి గొంతుతో గట్టి మాటలు చెప్పే మనిషి ఆవిడ. ఈ కుర్చీలోకి వచ్చి ఐదేళ్లయింది. రిపోర్టుని కాదనడానికి తన దగ్గర ఆధారం లేదంది. అలాగని అక్క మాటని కొట్టిపారెయ్యనూ లేనంది. ఐదింటి లోపల ఒక్క కాగితం తెచ్చి చూపిస్తే ఇరవై మూడో పేరు తీసేస్తాను, లేకపోతే వేస్తాను అంది. పత్రిక గదిలో ఏ ఫైలైనా చూసుకోవచ్చంది. బయటివాళ్లని కాలేజీ కాగితాల మీద పడనివ్వడం పద్ధతి కాదని మాజీ ఎస్పీ అడ్డం పడ్డాడు.

"ఆవిడ బయటి మనిషి ఎలా అవుతుందండీ? మన పూర్వ విద్యార్థే కదా" అంది ప్రిన్సిపాల్.

ఆయన రిపోర్టు అక్కడే వదిలి లేచాడు. గుమ్మం దగ్గర ఆగి, ఐదు దాటాకైనా ఈ అమ్మాయిని ఏడిపించడం మానెయ్యమని సగం వకీలుకి సలహా ఇచ్చాడు.

"నేనేడవడం మీరెప్పుడు చూశారు?" అని అడిగింది అక్క. ఆయన వెళ్లిపోయాడు.

పత్రిక గది కింది అంతస్తులో, వరండా చివర ఉంది. పదీ యాభైకి ఇద్దరూ అక్కడ ఉన్నారు. రెండు బల్లలు, ఒక కంప్యూటరు, గోడ పొడుగునా ఇనుప అల్మరా, అందులో సంచికకొకటి చొప్పున అట్టపెట్టెలు. కిటికీ వెనకాల రేకుల షెడ్డులో కాలేజీ ప్రెస్సు, అటు పోవడానికి ఒక వెనక గుమ్మం. బల్ల మీద ఆరు పెన్సిళ్లు, ఆరూ ఒకే పొడుగు, ఆరూ చాకుతో చెక్కినవే. వాటి యజమాని ప్రూఫ్ మాస్టారు. పత్రిక పుట్టినప్పట్నుంచీ ఆ గదిలోనే ఉన్నాడు. పదవీ విరమణ ఇచ్చి పంపినా మర్నాడు పొద్దున మామూలుగానే వచ్చి కూర్చున్నాడని, అప్పట్నుంచీ ఎవరూ కదపలేదని చెప్పుకుంటారు.

ఆయనకి ఆ రోజు వచ్చినవాళ్లతో మాట్లాడే తీరిక లేదు. ఆ మాట మొహం మీదే చెప్పాడు. ఫుట్‌నోట్ వార్తలు అబద్ధమేమోనని సగం వకీలు అనేసరికి మరీ ముడుచుకుపోయాడు.

"ఈ గదిలోంచి తప్పు బయటికి పోదమ్మా. కామా కూడా పోదు. వచ్చిన ప్రతి మెయిలూ కాగితం మీద తీసి, పేజీతో కలిపి పెట్టెలో పెడతాను. మీకేది కావాలో అడగండి."

ఫుట్‌నోట్ పేరుతో వచ్చినవన్నీ కావాలంది. పావుగంటలో పదమూడు కాగితాలు బల్ల మీదికి వచ్చాయి. తీస్తూ తీస్తూ ముసలాయన మెత్తబడ్డాడు. చదువుకునే రోజుల్లో క్లాసులయ్యాక ఆ పిల్లవాడు వచ్చి తన పక్కన కూర్చుని ప్రూఫులు దిద్దేవాడట. కామా ఉండాలా వద్దా అని అరగంట వాదించేవాడట. అతని మొదటి మెయిలు వచ్చిన రోజున తన కొడుక్కి ఉద్యోగం వచ్చినంత సంబరపడ్డానని చెప్పాడు. తనకి వేరే ఒక్క ముక్క రాయలేదని కొంచెం నొచ్చుకున్నాడట కూడా.

సగం వకీలు పదమూడు కాగితాలూ వరసగా పేర్చింది. వార్తలు చదవలేదు. పైనున్న తారీఖులూ టైములూ మాత్రమే చిన్న పుస్తకంలో రాసుకుంది. రాసుకున్నాక అడిగింది.

"పేజీలు అచ్చుకి పోయే రోజు ఏది మాస్టారూ?"

పదో తారీఖు. నాలుగు నెలలకోసారి పదో తారీఖు, సాయంత్రం ఐదు.

పదమూడు మెయిళ్లలో పన్నెండు పదో తారీఖునే వచ్చాయి. అన్నీ మధ్యాహ్నం రెండున్నరకీ నాలుగింటికీ మధ్య. ఒక్కటి మాత్రం పద్నాలుగో తారీఖున, మూడూ ఐదుకి. ఆరేళ్ల కిందటిది.

మాస్టారు పెట్టె చూడకుండానే చెప్పాడు. ఆ నెల పదో తారీఖు పొద్దున ప్రెస్సులో మిషను చెడిపోయింది. పద్నాలుగుకి వాయిదా వేశారు. బయటెవరికీ చెప్పలేదు, చెప్పాల్సిన పనీ లేదు.

"సముద్రాలు దాటి వెళ్లినవాడికి మన మిషను చెడిపోయిన సంగతి ఎలా తెలిసింది?" అంది సగం వకీలు.

ఏమో, వాడెప్పుడూ అదృష్టవంతుడే అన్నాడు మాస్టారు. అదృష్టమంటే ఏమిటని ఆవిడ వదల్లేదు. ముసలాయన ఇబ్బందిగా వివరించాడు. చివరి పేజీ పెట్టేసరికి ఎప్పుడూ అడుగున కొంచెం ఖాళీ మిగులుతుంది. నాలుగు లైన్లో, ఐదు లైన్లో. దాన్నెలా నింపాలా అని తను తల పట్టుకునే వేళకి ఫుట్‌నోట్ మెయిలు వచ్చేది. సరిగ్గా సరిపోయేది. ఒక్క మాట కొయ్యక్కర్లేదు, ఒక్క మాట కలపక్కర్లేదు.

సగం వకీలు కుర్చీలో ముందుకి జరిగింది. ఆ పేజీల పాత ప్రూఫులు ఉన్నాయా అని అడిగింది. ఉన్నాయి. ప్రతిదాని అడుగునా మాస్టారు పెన్సిలుతో ఖాళీ ఎన్ని లైన్లో రాసుకున్న అంకె ఉంది.

ఆవిడ తను లెక్కపెట్టలేదు. ఆయన్నే లెక్కపెట్టమంది. ఒక చేతిలో ప్రూఫు, ఒక చేతిలో మెయిలు పట్టుకుని ఆయన పైకి చదువుతూ పోయాడు. నాలుగు, నాలుగు. ఐదు, ఐదు. మూడు, మూడు. ఆరు, ఆరు. పదమూడోది చదవలేదు. రెండు కాగితాలూ అక్క చేతికిచ్చి గోడవైపు తిరిగాడు.

"నాలుగు, నాలుగు" అని అక్క చదివింది.

ఖాళీని కళ్లారా చూసినవాడే ఆ వార్తలు రాశాడు. అందులో ఇక ఎవరికీ అనుమానం లేదు. ముసలాయన కుర్చీలో కూలబడి, పదకొండేళ్లుగా నా చేత్తో నేనే వాణ్ణి దాచిపెట్టానా అన్నాడు. మీ చేత్తో వేరేవాళ్లు దాచారు, తేడా ఉంది అంది సగం వకీలు. ఓదార్చే తీరిక లేకపోయినా ఆ ఒక్క మాట మటుకు నెమ్మదిగా చెప్పింది. పన్నెండూ ఇరవై అయింది.

"ఖాళీతో ఉన్న పేజీ మీరు కాక ఇంకెవరు చూస్తారు?"

ఒక్కరే చూస్తారట. రెండింటికి ప్రూఫు కవరులో పెడితే, అటెండరు పై అంతస్తులో ఉన్న పూర్వ విద్యార్థుల సంఘం గదికి తీసుకెళ్తాడు. సెక్రటరీ గారు చూసి, అడుగున సంతకం పెట్టి, నాలుగింటి లోపల పంపిస్తారు. ఆ సంతకం లేని పేజీని ప్రెస్సువాళ్లు ముట్టుకోరు. ఖాళీలో ఏం నింపాలో మాత్రం మాస్టారి ఇష్టం. ఈ పదకొండేళ్లలో ప్రిన్సిపాళ్లు ముగ్గురు మారారు, సంఘం అధ్యక్షులు నలుగురు మారారు. సెక్రటరీ మారలేదు.

"ఎవరాయన?"

ఇదేం ప్రశ్నన్నట్టు చూశాడు మాస్టారు. "పొద్దున మీతో వాదించినాయనేనమ్మా. పదకొండేళ్ల కిందట ఈ జిల్లాకి ఎస్పీగా ఉండేవాడు. సాయంకాలం క్లాసులకొచ్చి లా పాసయ్యాడు. ఆ ఏడాదే సెక్రటరీ అయ్యాడు. పత్రికలో తన పేరు వెయ్యనివ్వడు. సేవ చేసేవాడికి పేరెందుకంటాడు."

సగం వకీలు లేచి, పదకొండేళ్ల కిందటి పెట్టె తనే దింపింది. మొదటి మెయిలుకి ముందు సంచిక తీసింది. ముందు పేజీల్లో ఫుట్‌నోట్ వ్యాసం ఉంది. లాకప్పులో చనిపోయిన ఒక మెకానిక్కు గురించి. స్టేషను పుస్తకంలో అతన్ని సాయంత్రం ఆరింటికి వదిలేసినట్టుంది. ఆసుపత్రి పుస్తకంలో ఐదూ నలభైకే శవంగా తెచ్చినట్టుంది. రెండు పుస్తకాల పేజీ నంబర్లూ కింద ఇచ్చాడు. చివర ఒక వాక్యం: 'ఆ ఇరవై నిమిషాలు ఎవరి ఆదేశం మీద పుట్టాయో రెండో భాగంలో.'

రెండో భాగం ఎక్కడుందని అడిగింది. రాలేదన్నాడు మాస్టారు. సోమవారం తనే తెచ్చిస్తానన్నాడట. ఆ సోమవారం సాయంత్రం ఆరు దాకా ఈ కుర్చీలోనే ఎదురుచూశాడట. అదే వారం పదో తారీఖున మొదటి మెయిలు వచ్చింది, పై చదువుకి విదేశం వెళ్తున్నానని.

అక్క ఆ వ్యాసం మొదట్నుంచీ చివరిదాకా నిలబడే చదివింది. ఆసుపత్రి పుస్తకం పేజీ నంబరు దగ్గర వేలు ఆగింది.

"ఈ నంబరు నేనిచ్చిందే" అంది. "నా డ్యూటీలోనే ఆ మనిషిని తెచ్చారు. వాడడిగితే రాసిచ్చాను. ఎందుకని అడగలేదు."

ఇంక ఆమె ఆ కాగితం కింద పెట్టలేదు.

ప్రిన్సిపాల్‌కి చూపించడానికి ఇది చాలని మాస్టారు అన్నాడు. చాలదంది సగం వకీలు. పాత కాగితాలు ఎన్ని చూపించినా, కాకతాళీయమని ఆయన ఇంకో నీలం అట్ట రిపోర్టు రాస్తాడు. ఈ రోజు కూడా పదో తారీఖే. ఆ చెయ్యి ఈ రోజు కదిలితే పట్టుకోవాలి. పదమూడు వార్తల్లో ఏడు లైన్లది ఒక్కటీ లేదు. కాబట్టి ఇవాళ్టి చివరి పేజీలో సరిగ్గా ఏడు లైన్లు ఖాళీ వదలమంది.

ఆయన ఒప్పుకోవడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఈసారి పేజీ నిండుగా ఉంది. ఖాళీ కావాలంటే ఎవరిదో ఒక శుభవార్త తియ్యాలి. అది తన వల్ల కాదన్నాడు. చివరికి న్యాయసేవా పరీక్షలో మొదటి ర్యాంకు తెచ్చుకున్న ఒకమ్మాయి వార్తని, విజయాల పేజీలో చుట్టూ గీతల పెట్టె కట్టి ఇంకా పెద్దక్షరాలతో వేస్తానని తనకి తనే మాటిచ్చుకుని, అక్కణ్ణుంచి కదిపాడు. రెండింటికి అటెండరు కవరు తీసుకుని మెట్లెక్కాడు.

ఆ తర్వాత గంటా పన్నెండు నిమిషాలు. మాస్టారు ఉన్న పెన్సిళ్లనే మళ్లీ చెక్కాడు. అక్క వ్యాసం మళ్లీ చదివింది. సగం వకీలు కంప్యూటరు ఎదురుగా కుర్చీ వేసుకుని, రెప్ప వెయ్యడం మర్చిపోయినట్టు కూర్చుంది.

మూడూ పన్నెండుకి మెయిలు వచ్చింది. ఫుట్‌నోట్ పేరుతోనే. మాస్టారు కాలమ్ కొలతకి పేర్చి కాగితం మీదికి తీశాడు.

ఇక్కడ అంతా క్షేమం. ఈ మధ్య
మన కాలేజీలో కొన్నాళ్లు చదివిన
సగం వకీలు గారు కలిశారు.
డిటెక్టివ్ ఆఫీసు మూసేశారట.
ఇక ఇక్కడే స్థిరపడతారట. తిరిగి
వచ్చే ఆలోచన లేదన్నారు. వారికి
మనందరి తరఫున శుభాకాంక్షలు.

మాస్టారు లెక్కపెట్టబోయి ఆగిపోయాడు. లెక్కపెట్టక్కర్లేదు. అక్క మెల్లగా సగం వకీలు భుజం మీద చెయ్యి వేసింది.

"పత్రిక ఇళ్లకి ఎప్పుడు చేరుతుంది మాస్టారూ?" అని అడిగింది సగం వకీలు.

"బుధవారం."

"అయితే బుధవారం లోపల నేను ఈ ఊళ్లో ఉండకూడదన్నమాట." కాగితం తీసుకుని మళ్లీ చదివింది. "పాతికేళ్లలో ఈ పత్రిక నా పేరు వెయ్యడం ఇదే మొదలు. తప్పుల్లేకుండా వెయ్యాలి."

మూడూ నలభైకి సంతకంతో ప్రూఫు దిగివచ్చింది. మూడూ యాభైకి సగం వకీలు పద్నాలుగు మెయిళ్లూ పద్నాలుగు ప్రూఫులూ తీసుకెళ్లి ప్రిన్సిపాల్ బల్ల మీద పరిచింది. ఆవిడ నీలం అట్ట పక్కకి నెట్టి, వేలితో లైన్లు తనే లెక్కపెట్టుకుంది. చివరిది రెండుసార్లు చదివింది. పోలీసులకి ఫోను చెయ్యనా అని అడిగింది. చెయ్యమంది సగం వకీలు. కాని ఇవాళ పై కుర్చీల్లో ఉన్నవాళ్లలో సగంమంది ఆయన చేతికింద పనిచేసినవాళ్లేనని గుర్తుచేసింది. ఒక ఫోను ఒక్క చెవిలోనే ఆగిపోతుంది. అచ్చయిన మాట ఆరువేల ఇళ్లకి పోతుంది.

ప్రిన్సిపాల్ ఎర్రకలం తీసి ఇరవై మూడో పేరు కొట్టేసింది. తర్వాత చివరి పేజీ వైపు చూసి, సంతకం ఉంది కాబట్టి ఖాళీలో ఏం వెయ్యాలో మాస్టారి ఇష్టమే, అది యాభై ఏళ్ల పద్ధతి, నేను మార్చను అంది. ఫోను అందుకుంది. స్టేషనుకి కాదు. జిల్లా జడ్జికి.

కింద ఏడు లైన్లు రాయడానికి పావుగంట పట్టింది. అక్క చెప్పింది, సగం వకీలు కోసింది, మాస్టారు పేర్చాడు. ఒక కామా దగ్గర ఆయన ఆగి, ఇది ఉంటే వాడు ఒప్పుకునేవాడు కాదని తీసేశాడు.

ఈ కాలేజీ విద్యార్థి ఫుట్‌నోట్
పదకొండేళ్లుగా కనబడటం లేదు.
అతని పేరుతో ఇక్కడ పడిన వార్తలు
అతను రాసినవి కావు. రాసిన చెయ్యి
ఏదో ఈ పత్రికకి తెలిసింది. అతని
జాడ తెలిసినవాళ్లు సగం వకీలు
ఆఫీసుకి రండి. తెరిచే ఉంటుంది.

నాలుగూ ముప్పై ఐదుకి అక్క ఆ పేజీ తీసుకుని, వెనక గుమ్మంలోంచి ప్రెస్సు షెడ్డులోకి వెళ్లింది. మిషను మొదటి కాగితం వదిలేదాకా అక్కణ్ణుంచి కదలనని చెప్పి మరీ వెళ్లింది.

నాలుగూ యాభైకి మాజీ ఎస్పీ పత్రిక గది గుమ్మంలో నిలబడ్డాడు. ఇరవై మూడో పేరు కొట్టేశారని పైన అప్పుడే తెలిసిందట. మాస్టారిని పలకరించలేదు. బల్ల మీదున్న చివరి పేజీ నకలు తీసుకుని, కిటికీ వెలుతురులో పెట్టి చదివాడు. రెండుసార్లు చదివాడు.

"దీనికెవరు ఒప్పుకున్నారు?" అన్నాడు.

"కింద సంతకం చూడండి సార్" అంది సగం వకీలు. "మీరే."

ఆయన చూశాడు. అచ్చు ఆపమని మాస్టారితో చెప్పాడు. మాస్టారు పెన్సిలు చేత్తో పట్టుకుని అలాగే కూర్చున్నాడు. ఆ గదిలో ఆయన ఆ మనిషి మాట వినకపోవడం పదకొండేళ్లలో అదే మొదలు. ఆ పేజీ ఇక్కడ లేదు సార్, ప్రెస్సుకి వెళ్లిపోయింది అన్నాడు.

అప్పుడు మాజీ ఎస్పీ నవ్వాడు. చిన్న నవ్వు. అలిసిపోయినవాడి నవ్వు.

"వాడూ ఇదే అన్నాడు. ప్రెస్సుకి పంపేశానన్నాడు. నా ఎదురుగా నిలబడి, బెదరకుండా. తీరా చూస్తే కాగితాలు చొక్కా లోపలే ఉన్నాయి."

మాట బయటికి వచ్చాక గాని, ఏమన్నాడో ఆయనకి వినిపించలేదు. గది వెనకాల మిషను కదిలింది. నేల సన్నగా అదిరింది. షెడ్డులోంచి కాగితాలు ఒకదాని మీద ఒకటి పడుతున్న చప్పుడు తెరిపి లేకుండా మొదలైంది.

మాజీ ఎస్పీ రెండడుగులు వెనక్కి వేసి వరండా తలుపు మూశాడు. గడియ పెట్టాడు. ఆయన కుడిచెయ్యి కోటు జేబులోకి పోయింది. అక్కడే ఉండిపోయింది.

మాస్టారు లేవబోతే సగం వకీలు కూర్చోమని సైగ చేసింది. తను మాత్రం లేచింది. తన కుర్చీ ఎత్తి, ఆయనకీ వెనక గుమ్మానికీ మధ్య, గది నడిమధ్యలో వేసి, ఆయనకెదురుగా కూర్చుంది.

"చెప్పండి సార్" అంది. "ఆ సోమవారం పొద్దున మీ దగ్గరికి ఎన్నింటికి వచ్చాడు? ఎక్కడ నిలబడ్డాడు? మాస్టారూ, కాగితం తీసుకోండి. టైముతో సహా రాయండి."